ఏలకులా, యాలకులా? మసాలా సొరుగు చీటీల సంగతి

సందేహం: మసాలా దినుసులన్నీ ఒకే కొలత సీసాల్లో పోసి, వంటింటి డ్రాయర్‌లో అకారాది క్రమంలో పెట్టాం. చీటీలు నేనే తెలుగులో రాశాను. ఏలకుల సీసా మొదటి వరసలో ఉంటే, మా అత్తగారు యాలకులు అనుకుంటూ చివరి వరసలో వెతుకుతున్నారు. ఏది సరైన రూపం? మిరియాలు – మిర్యాలు, ధనియాలు – దనియాలు, దాల్చిన చెక్క – దాల్చినచెక్క, వీటిలో ఏవి రాయాలి? పొడులు గింజలకు ముందు రావాలా, తర్వాతా? అసలు డ్రాయర్‌ను అర అనాలా, సొరుగు అనాలా?

సమాధానం: చివరి ప్రశ్న తేలికైనది కనుక దానితో మొదలుపెడతాను. లాగితే బయటికి వచ్చి, తోస్తే లోపలికి పోయేది సొరుగు. తమిళంలో సొరుగు అనే క్రియకు దూర్చడం, చెక్కుకోవడం అని అర్థం. మన చొరబడు అనే మాటలోని ‘చొరు’ కూడా లోపలికి పోవడమే. అర అంటే గది, విభాగం. పాత రాతలో ఈ అర్థంలో బండిరతో ‘అఱ’ అనీ, సగం అనే అర్థంలో మామూలు రేఫతో ‘అర’ అనీ తేడా ఉండేది. ఇప్పుడు రెండూ ఒకేలా రాస్తున్నాం. బీరువాకు అరలుంటాయి, బల్లకు సొరుగుంటుంది, ఆ సొరుగులో మళ్ళీ అరలు చేసుకోవచ్చు. మసాలా అర అంటే వినేవారికి గోడ బీరువాలోని గూడు తోస్తుంది కాబట్టి మీ డ్రాయర్‌కు సొరుగే సరైన మాట. అందులో సీసాలను అమర్చాలి గాని పేర్చకూడదు. పేర్చడమంటే ఒకదాని మీద ఒకటి పెట్టడం. సొరుగులో ఆ పని చేస్తే పై సీసా కింది సీసా పేరును కప్పేస్తుంది.

ఇక ఏలకులు. సంస్కృతంలో ఏలా, మనకు ఏలకి, ఏలకులు. నిఘంటువులకు ఎక్కిన రూపం ఇదే. మాట మొదట్లో వచ్చే ‘ఎ’, ‘ఏ’ అచ్చులకు మన నోట యకారం తోడవుతుంది. ఎవరు అని రాసి యెవరు అని పలుకుతాం. కొన్ని మాటల్లో ఆ ఏకారం ఇంకా విచ్చుకుని యా అవుతుంది: ఏడికి – యాడికి, ఏట – యాట, ఏలకులు – యాలకులు. అంటే మీ అత్తగారిది తప్పు కాదు, పలుకుబడి. వ్యాసం రాస్తే ఏలకులు అని రాయండి. చీటీ సంగతి వేరు. అకారాది క్రమంలో వెతికే మనిషి రాతను బట్టి కాదు, తన నోట పలికే మొదటి ధ్వనిని బట్టి చేయి చాస్తుంది. ఇంట్లో అందరూ యాలకులు అంటే యాలకులు అనే రాసి, మ తర్వాత, ల ముందు పెట్టుకోవడమే మంచిది. రెండు పలుకుబడులూ ఉన్న మీ ఇంటికి మాత్రం నిఘంటుకారులు పాటించే పద్ధతే సరిపోతుంది. వారు ఒక రూపం దగ్గర అర్థం ఇచ్చి, రెండో రూపం దగ్గర ‘చూ.’ (చూడుము) అని దారి చూపుతారు. సీసా ఇంగువ తర్వాత ‘ఏ’ అక్షరం స్థానంలోనే ఉండనివ్వండి. య రావలసిన చోట, అరల మధ్య పలక అంచు మీద ‘యాలకులు – చూ. ఏలకులు’ అని సన్నని కాగితపు పట్టీ అంటించండి.

మిరియాలు, మిర్యాలు రెండింటికీ మొదటి అక్షరం ‘మి’ కనుక సీసా స్థానం మారదు. నేను మిరియాలు వైపే మొగ్గుతాను, అందుకు కారణం వత్తు. చిన్న చీటీ మీద నూనె చేయి తగిలితే మొదట చెరిగేవి వత్తులూ సున్నలే. ధనియాలు సంస్కృతంలోని ధాన్యకంతో చుట్టరికం ఉన్న మాట కనుక ఒత్తు ధ తో రాయాలి. దనియాలు అని రాస్తే అది దాల్చినచెక్కకు ముందు చేరుతుంది, ధనియాలు అని రాస్తే తర్వాత వస్తుంది. తేడా ఒక్క సీసా జరుగుబాటే.

మీ ప్రశ్నల్లో అసలు బరువైనది పొడులది. తెలుగు వ్యాకరణం సొరుగులోకి నేరుగా దిగేది ఇక్కడే.

మన దినుసుల పేర్లు రెండు తెగలు. ఆవాలు, మెంతులు, ధనియాలు, మిరియాలు, లవంగాలు, ఏలకులు వాడుకలో బహువచనాలు. జీలకర్ర, వాము, సోంపు, ఇంగువ, పసుపు ఏకవచనాలు. ఆవాలు చిటపటలాడాయి అంటాం, జీలకర్ర వేగింది అంటాం. జీలకర్రలు వేగాయి అని ఎవరూ అనరు. గింజ ఎంత చిన్నదన్నదానితో దీనికి పనిలేదు. ఆవగింజ జీలకర్ర కంటే చిన్నదే అయినా దానికే బహువచనం వచ్చింది.

ఈ తేడా పొడి పేరులోకి వస్తుంది. బహువచనపు మాటకు పొడి చేరేటప్పుడు చివరి ‘లు’ మారి ‘ల’ అవుతుంది: ధనియాల పొడి, మిరియాల పొడి, లవంగాల పొడి, ఏలకుల పొడి. ఆవాలు, మెంతులు ఇంకా పాత తీరులో బహువచనాన్నే వదిలేసి ఆవపిండి, మెంతిపిండి అవుతాయి. ఇప్పుడు అకారాది క్రమం చూడండి. ‘ల’ తర్వాతే ‘లు’ కాబట్టి ధనియాల పొడి ముందు, ధనియాలు తర్వాత. ‘వ’ తర్వాతే ‘వా’ కాబట్టి ఆవపిండి ముందు, ఆవాలు తర్వాత. ‘తి’ తర్వాతే ‘తు’ కాబట్టి మెంతిపిండి ముందు, మెంతులు తర్వాత. జీలకర్ర దగ్గరికి వచ్చేసరికి ఇది తలకిందులవుతుంది. ఆ మాట మారకుండానే పొడి చేరుతుంది కనుక జీలకర్ర ముందు, జీలకర్ర పొడి తర్వాత. వాము, సోంపు, శొంఠి అన్నీ జీలకర్ర దారిలోనే.

అక్షరక్రమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే సగం జంటల్లో పొడి ఎడమవైపు, సగం జంటల్లో కుడివైపు పడుతుందన్నమాట. చేయి తప్పు సీసా మీద పడేది అందుకే. దీనికీ నిఘంటువుల్లో ఒక దారి ఉంది. మూల పదాన్ని ఆరోపంగా, అంటే వరసలో కనిపించే ప్రధాన పదంగా పెట్టి, దానితో ఏర్పడే సమాసాలను దాని కిందనే చేర్చే పద్ధతి అది. మీరూ దినుసు పేరును ఆరోపంగా తీసుకుని గింజలను ఎడమవైపు, పొడిని దానికి ఆనుకుని కుడివైపు పెట్టండి. ఆవాలు, ఆవపిండి, జీలకర్ర, జీలకర్ర పొడి, ధనియాలు, ధనియాల పొడి. పొడి అక్షరక్రమాన్ని కాక తన గింజను అనుసరిస్తుంది. ఒక్క జంటకు కూడా మినహాయింపు ఇవ్వకండి. ఇచ్చిన చోటే పొరపాటు జరుగుతుంది.

పసుపు, కారం ఈ పద్ధతికి కాస్త ఎదురు నడుస్తాయి. ధనియాలు అంటే గింజలే, పొడి అయితే పొడి అని చెప్పాలి. పసుపు అంటే మాత్రం పొడే, కొమ్ములైతే పసుపుకొమ్ములు అని చెప్పాలి. కారం కూడా అంతే, అది రుచి పేరూ పొడి పేరూ. ఆ సీసాల మీద పసుపు పొడి, కారప్పొడి అని పెంచి రాయనక్కర్లేదు. కుదించడం మాత్రం కూడదు. ‘మి. పొడి’ అని రాస్తే అది మిరియాలదా, మిరపదా? ఈ రెండు మాటలు ఒకేలా మొదలవడం వెనక చరిత్ర ఉంది. మిరప మొక్క అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చింది. అంతకు ముందు ఘాటంటే మిరియాలదే. కొత్త కాయను ఆ పాత ఘాటుతో పోల్చి పిలిచారు. తమిళంలో ఇది మరీ స్పష్టం: మిళగు అంటే మిరియాలు, మిళగాయ్ అంటే మిరపకాయ.

దాల్చినచెక్కను కలిపే రాయండి. విడదీస్తే ‘దాల్చిన’ అనేది ధరించిన అనే విశేషణంలా కనిపిస్తుంది. ఆ మాటకు దాల్చడంతో సంబంధం లేదు. అది పారసీకపు దార్‌చీనీ, చీనా దేశపు కర్ర అని అర్థం. మన నోట అది తెలుగు మాటలా సర్దుకుంది. లవంగపట్ట అన్నా ఇదే. అయితే ఆ పేరుతో చీటీ రాస్తే సీసా లవంగాల పక్కకు చేరుతుంది, రెండూ ఒకే చెట్టువన్న భ్రమ కలుగుతుంది. లవంగం ఒక చెట్టు పూమొగ్గ, పట్ట వేరే చెట్టు బెరడు. జాజికాయ, జాపత్రి మాత్రం నిజంగా ఒకే పండులోవి. జాజికాయ గింజ, జాపత్రి దాన్ని చుట్టి ఉండే ఎర్రని పొర. పేరులో పత్రి ఉన్నా అది ఆకు కాదు. జాజి, జాపత్రి రెండూ సంస్కృతంలోని జాతీ శబ్దం నుంచి వచ్చినవే కాబట్టి అకారాదిలోనూ పక్కపక్కనే పడతాయి.

మీరు అడగకపోయినా జీలకర్ర కుటుంబం గురించి చెప్పకుండా వదలలేను, సీసాలు ఎక్కువగా తారుమారయ్యేది ఇక్కడే. జీలకర్ర సంస్కృత జీరకం నుంచి వచ్చిన మాట. కర్రతో దానికి ప్రసక్తి లేదు కనుక జీల కర్ర అని విడదీయకూడదు. సోంపుకు పాత పేరు పెద్దజీలకర్ర. సోంపును ఓత్వంతోనే రాయాలి, ఒత్వంతో సొంపు అని రాస్తే అందం అని అర్థం. నల్లజీలకర్ర అనే చీటీ చాలా ఇళ్ళలో రెండు వేర్వేరు గింజల మీద కనిపిస్తుంది. తెలుగులో ఆ పేరు ఉల్లి విత్తనాల్లా కోణాలు తేలి, నల్లగా, పొట్టిగా ఉండే గింజలది. వీటినే హిందీలో కలోంజీ అంటారు. జీలకర్ర కంటే సన్నగా, ముదురు గోధుమ రంగులో కొడవలిలా వంగి ఉండేది షాజీరా. దానికి షాజీరా అనే రాయండి. అప్పుడు ఒకటి న దగ్గర, మరొకటి శొంఠికీ సోంపుకూ మధ్య ష దగ్గర ఉంటాయి, కలవవు.

రాసే తీరు గురించి కూడా నాలుగు మాటలు. సొరుగును పైనుంచి చూస్తాం కాబట్టి పేరు మూత మీద ఉండాలి. మూతను గట్టిగా బిగించాక, అక్షరాల అడుగు మీ వైపు వచ్చేలా చీటీ అంటించండి. ముందే అంటిస్తే మర మూత ఎక్కడ ఆగితే అక్షరాలు అటు తిరుగుతాయి. మూత మీద మాత్రమే పేరుంటే ఇంకో ప్రమాదం ఉంది. రెండు సీసాలు ఒకేసారి తెరిచినప్పుడు మూతలు మారిపోతాయి. ధనియాల పొడి, జీలకర్ర పొడి రంగులో దగ్గర కాబట్టి చాలా రోజులకు గాని తెలియదు. అదే పేరు సీసా పక్కన కూడా రాయండి, పొడి చేసిన తేదీ అక్కడే వేయండి. గింజ కంటే పొడి వాసన చాలా త్వరగా పోతుంది కనుక తేదీ పొడులకే ముఖ్యం.

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరసకు అక్షరం ఎత్తుకు రెండింతల జాగా కావాలి. అక్షరం 6 మిల్లీమీటర్లయితే వరసకు కనీసం 12 ఇవ్వండి. గుండ్రని మూత మీద పేరు పట్టకపోతే సమాసం అతికిన చోట విరిచి రెండు వరసలు చేయవచ్చు: కుంకుమ ఒక వరస, పువ్వు ఒక వరస. దాల్చినచెక్కను కూడా అలా విరవవచ్చు, వరస మారడం పదాన్ని విడదీయడం కిందికి రాదు. లవంగాలు మాటలో ‘లు’ ఒక్కటే కిందికి జారేలా మాత్రం విరవకండి. చీటీ మీద పారదర్శకమైన టేపు అంటించి, అది కాగితం అంచు దాటి అన్ని వైపులా 2, 3 మిల్లీమీటర్లు ఉండేలా చూడండి. అంచు దాకానే ఉంటే నూనె పక్కనుంచి లోపలికి పాకుతుంది. ఇంగువలో సున్న చెరిగి ‘ఇగువ’, జీలకర్రలో వత్తు పోయి ‘జీలకర’ మిగిలేది అప్పుడే.