సినిమాల్లో చూపించినట్టే టెలిస్కోప్‌లో కనిపిస్తుందా?

మీ అమ్మాయి ‘డీప్ ఇంపాక్ట్’ అనే తోకచుక్క సినిమా చూసి టెలిస్కోప్ కావాలని పట్టుబట్టిందన్నారు. అందులో కుర్రాడికి కనిపించినట్టు నిజంగా కనిపిస్తుందా, అసలు సినిమాల్లో, సీరియళ్లలో టెలిస్కోప్‌ని చూపించే తీరు ఎంతవరకు నమ్మొచ్చు అని అడిగారు. నా దగ్గర ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ ఉంది, అంటే అడుగున అద్దం ఉండి, చేత్తో తిప్పుకునే సాదా టెలిస్కోప్. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద, అప్పుడప్పుడు చుట్టుపక్కల స్కూళ్లలో జనానికి చూపిస్తుంటాను. లైన్లో వచ్చేవాళ్లలో చాలామంది మనసులో ఏదో ఒక సినిమా బొమ్మ పెట్టుకునే వస్తారు కాబట్టి దీని గురించి నాకు చెప్పడానికి చాలానే ఉంది.

ముందు మీ అమ్మాయి చూసిన సినిమా. 1998లో వచ్చింది. స్కూలు పిల్లలు రాత్రిపూట ఆకాశం చూస్తుంటే లియో అనే కుర్రాడికి మైజార్, ఆల్కార్ నక్షత్రాల దగ్గర ఎవరికీ తెలియని చుక్క ఒకటి కనిపిస్తుంది. ఆ రెండూ మన వశిష్ఠుడు, అరుంధతే. పెళ్లిలో పంతులుగారు మిట్టమధ్యాహ్నం కూడా వేలెత్తి చూపించే అరుంధతి! మామూలు మనుషులు తోకచుక్కను కనిపెట్టడం మాత్రం కట్టుకథ కాదు. 1995లో హేల్-బాప్ తోకచుక్కను ఇద్దరు విడివిడిగా ఒకే రాత్రి చూశారు. వాళ్లలో థామస్ బాప్‌కి సొంత టెలిస్కోపే లేదు, స్నేహితుడి దాంట్లో చూశాడు. 2019లో గెన్నడీ బోరిసోవ్ తన చేత్తో తయారు చేసుకున్న 65 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో, మన సూర్యుడి కుటుంబానికి చెందని తోకచుక్కనే పట్టుకున్నాడు.

సినిమా బొంకింది ఆ తర్వాత. కుర్రాడు పంపిన వివరాలు చూసిన శాస్త్రవేత్త కంప్యూటర్ ముందు కూర్చుని, అక్కడికక్కడే అది భూమిని ఢీకొంటుందని తేల్చేస్తాడు. నిజంగా అయితే ఆ వస్తువు ఎటు పోతోందో తెలియాలంటే రాత్రి తర్వాత రాత్రి దాని స్థానం కొలుస్తూ పోవాలి. 2024 డిసెంబరు చివర్లో కనిపెట్టిన ‘2024 వైఆర్4’ అనే గ్రహశకలం గుర్తుందా? 2032లో భూమిని ఢీకొనే అవకాశం మొదట ఒక శాతం అన్నారు, ఫిబ్రవరికల్లా మూడు శాతం దాటింది, ఇంకొన్ని రోజుల కొలతలు చేరాక దాదాపు సున్నాకి పడిపోయింది. టీవీ చానళ్లు మొదటి రెండు అంకెలకు చేసిన గోలలో పదో వంతు కూడా చివరి అంకెకు చేయలేదు లెండి. ఈ ఎదురుచూపు సినిమాకు పనికిరాదు. రెండు గంటల్లో ప్రపంచం అంతం కావాలిగా మరి.

ఇక ఐపీస్‌లో, అంటే మనం కన్ను పెట్టి చూసే కటకంలో, కనిపించే బొమ్మ. సినిమాలో హీరో కన్ను పెట్టగానే తెరంతా నిండిపోయేంత శనిగ్రహం, గులాబీ, నీలం రంగుల్లో మెరిసే నెబ్యులా (నక్షత్రాల మధ్య ఉండే వాయువు, ధూళి మేఘం). ఆ బొమ్మలు సాధారణంగా అంతరిక్షంలో తిరిగే హబుల్ లాంటి పెద్ద టెలిస్కోపులు రకరకాల ఫిల్టర్లతో, చాలాసేపు వెలుగు పోగుచేసి తీసినవి. ఒక్కో ఫిల్టర్‌కి ఒక్కో రంగు ఇచ్చి కంప్యూటర్లో కలుపుతారు. మసక వెలుతురులో మన కంటికి రంగులు సరిగా తెలియవు. అందుకే నా ఎనిమిది అంగుళాల అద్దంలో ఒరయన్ నెబ్యులా ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిదరంగు పొగలా కనిపిస్తుంది, అది కూడా సిటీ వెలుతురు తక్కువగా ఉన్నచోటే. శని చాలా చిన్నగా ఉంటాడు, కానీ వలయం గీసినంత స్పష్టంగా ఉంటుంది. అది చూసి “లోపల స్టిక్కర్ అంటించారా అంకుల్?” అని అడిగిన పిల్లలున్నారు, గొట్టం ముందుకెళ్లి తొంగిచూసిన పెద్దాయన కూడా ఉన్నాడు. కొంతమంది ముఖం మాత్రం వాడిపోతుంది, “ఇంతేనా?” అంటారు. వాళ్లని తప్పుపట్టను, చిన్నప్పటి నుంచి తెర మీద చూసింది వేరు కదా.

తెర మీద ఇంకొకటి అస్సలు కనపడదు: ఆకాశం కదలడం. భూమి తిరుగుతుంటుంది కాబట్టి మోటారు లేని టెలిస్కోప్‌లో రెండు వందల రెట్లు పెద్దది చేసి చూస్తే, గ్రహం ఒక అంచు నుంచి రెండో అంచుకు సుమారు ఒక్క నిమిషంలో జారిపోతుంది. మనిషి మనిషికీ మధ్య నేను వంగి మళ్లీ మధ్యలోకి తెస్తుంటాను. ఈలోగా ఎవరో ఐపీస్‌ని చేత్తో పట్టుకుంటారు, అది కాస్తా పక్కింటి వాటర్ ట్యాంక్ వైపు తిరిగిపోతుంది. సినిమాలో హీరో ఒక చేత్తో కాఫీ కప్పు, ఇంకో చేత్తో గొట్టం పట్టుకుని అమ్మాయితో కబుర్లు చెబుతున్నా శని కదలకుండా అక్కడే ఉంటాడు.

టీవీ సీరియళ్లలోనైతే టెలిస్కోప్ డ్రాయింగ్ రూమ్ సామానే. కిటికీ పక్కన స్టాండు మీద పొడవాటి తెల్ల గొట్టం ఉంటే ఆ ఇంట్లోవాళ్లు తెలివైనవాళ్లని మనం అనుకోవాలి. మూసిన కిటికీ అద్దంలోంచి చూస్తే నక్షత్రం చెదిరిపోతుంది. కిటికీ తెరిచినా గదిలోని వేడిగాలి బయటికి పోతూ బొమ్మని వణికిస్తుంది. మన సినిమాల్లో హీరో ఎదురింటి డాబా మీదున్న అమ్మాయిని టెలిస్కోప్‌లో చూస్తాడే, నా డాబ్సోనియన్ ఇస్తే ఆ అమ్మాయి తలకిందులుగా కనిపిస్తుంది. ఆకాశం చూడ్డానికి అది ఇబ్బంది కాదు, చందమామకి తల ఎటుంటే ఏం!

పెద్ద పెద్ద అబ్జర్వేటరీల విషయానికొస్తే, ‘కాంటాక్ట్’ నాకు బాగా ఇష్టమైన సినిమా. 1997ది. అమెరికాలోని న్యూ మెక్సికోలో ఇంగ్లిష్ ‘వై’ అక్షరం ఆకారంలో పేర్చిన 27 రేడియో టెలిస్కోప్ డిష్‌లు, ఒక్కోటి 25 మీటర్ల వెడల్పు. వాటి ముందు హీరోయిన్ జోడీ ఫోస్టర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వేరే లోకాల నుంచి సంకేతం వస్తుందేమోనని కళ్లు మూసుకుని వింటుంటుంది. నిజానికి రేడియో టెలిస్కోప్‌కి ఎవరూ అలా చెవి పెట్టి కూర్చోరు. వచ్చిన సంకేతాన్ని లక్షల ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టి కంప్యూటర్ వెతుకుతుంది, మనిషి ఆ సమయానికి ఇంట్లో నిద్రపోతూ ఉండొచ్చు కూడా. అయినా ఆ సీన్ మీద నాకు కోపం రాదు. సినిమాకి ఒక ముఖం కావాలి. సర్వర్ ర్యాక్ మీద మెరిసే లైట్లను చూపిస్తే మనకి గుండె దడ పుట్టదు. ఐపీస్‌లో కన్ను పెట్టించడం కూడా ఇందుకే. వృత్తి శాస్త్రవేత్తలు పరిశోధన కోసం ఐపీస్‌లో చూడటం మానేసి దశాబ్దాలైంది.

ఈ విషయంలో 2021 నాటి ‘డోంట్ లుక్ అప్’ మొదటి సీన్ నయం. రీసెర్చ్ చేసే అమ్మాయి సుబారు టెలిస్కోప్ డేటాను మానిటర్ల మీద చూస్తూ, తనలో తాను పాడుకుంటూ తోకచుక్కను పట్టుకుంటుంది. సుబారు అద్దం 8.2 మీటర్లు, హవాయిలో కొండ మీద ఉంది. నిజజీవితంలో పని జరిగేది అచ్చం ఇలాగే. మన దేశంలోనూ అంతే: లడఖ్‌లోని హన్లేలో, సముద్రమట్టానికి 4,500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల అద్దం ఉన్న ‘హిమాలయన్ చంద్ర టెలిస్కోప్’ని బెంగళూరు దగ్గర హొసకోటలో కూర్చుని శాటిలైట్ లింకు ద్వారా నడుపుతారు. చలీ లేదు, ఐపీసూ లేదు.

‘ద డిష్’ కూడా వీలైతే చూపించండి, మంచి హాస్యం. అపోలో 11 దృశ్యాలను అందుకున్న ఆస్ట్రేలియాలోని 64 మీటర్ల పార్క్స్ డిష్ కథ. ఆరోజు పెనుగాలిలో డిష్ ఊగడం నిజమే. ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి అడుగు ప్రపంచానికి చేరింది మాత్రం పార్క్స్ నుంచి కాదు, అదే దేశంలోని హనీసకుల్ క్రీక్ స్టేషన్ నుంచి. సినిమా ఆ పేరు పక్కన పెట్టేసింది.

ఇక మీ అమ్మాయికి కొనాలా వద్దా? కొనండి, కానీ ఆన్‌లైన్లో డబ్బా మీద ‘675 రెట్లు’ అని అచ్చేసి, పక్కన హబుల్ ఫొటో పెట్టి అమ్మే 60 మిల్లీమీటర్ల బొమ్మ మాత్రం వద్దు. ఆ సైజు లెన్సుకి 120 రెట్లు దాటితే మసక తప్ప ఏమీ పెరగదు. స్టాండు వణకడం వేరే టెన్షన్. బడ్జెట్ తక్కువైతే 10×50 బైనాక్యులర్స్ (పది రెట్లు పెద్దగా చూపించేవి, లెన్సు వెడల్పు 50 మిల్లీమీటర్లు) తీసుకోండి. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే ఐదారు అంగుళాల డాబ్సోనియన్. కొనేముందు దగ్గర్లోని ఆస్ట్రానమీ క్లబ్ వాళ్లు పెట్టే కార్యక్రమానికి ఒకసారి తీసుకెళ్లి, ఐపీస్‌లో నిజంగా ఏం కనిపిస్తుందో చూడనివ్వండి.

మొదటిరోజు పౌర్ణమి పెట్టుకోకండి. ఆరోజు వెలుగు ఎదురుగా పడి చందమామ మీద నీడలు ఉండవు, అంతా తెల్లగా చదునుగా కనిపిస్తుంది. శుక్లపక్షం సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటల అంచులు, కొండల నీడలు బ్రహ్మాండంగా ఉంటాయి. సిటీ వెలుతురు కూడా వాటినేమీ చెయ్యలేదు. అక్కడ అమెరికా జెండా కనిపిస్తుందా అని తప్పకుండా అడుగుతుంది, అందరూ అడుగుతారు. హబుల్‌కే కనపడదని చెప్పండి.