ముందు నడిచినవాడు నీ వ్యాసంలో ఏడీ?

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి,

కర్ణాటకలో, పశ్చిమ కనుమల్లో ఉన్న కుదురేముఖ్ కొండ ట్రెక్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం ఎక్కడా తడబడలేదు. మొదటి వ్యాసంలోనే ఆ పట్టు దొరకడం మామూలు విషయం కాదు. నీ మీద నమ్మకం కుదిరింది కాబట్టే కాస్త గట్టిగా మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోకు.

వ్యాసం మొత్తంలో గైడ్ ఒక్క చోటే కనిపించాడు. "ఉదయం ఆరున్నరకి గైడ్ వచ్చాడు, బయలుదేరాం" అని రాశావు. అంతే. ఆ తర్వాత సాయంత్రం దాకా మీ ముందు నడిచిన మనిషి మాయమైపోయాడు. కానీ నీ వ్యాసంలో నాకు నచ్చినవన్నీ ఆయన చూపించినవే. గోరంత కప్ప, చివర సన్నగా సాగిన ఆకు, తెల్లవారుజామున ఎవరో కుర్రాడు ఈల వేస్తున్నాడేమో అనిపించిన పక్షి కూత, ఏదీ నీ అంతట నువ్వు పట్టుకున్నది కాదు. నన్ను ఆ అడవిలో నిలబెట్టినా అంతే. నల్లమలలో తిరిగిన కళ్లు నావి. అక్కడ టేకు, నల్లమద్ది ఎండాకాలానికి ఆకు రాల్చేస్తాయి. చెట్ల సందుల్లోంచి దూరం దాకా చూపు ఆనుతుంది. ఏడాది పొడుగునా ఆకు రాలని తడి అడవిలో చూపు రెండు బారలు కూడా పోదు. అక్కడ మనకి కనిపించేది పచ్చదనం ఒక్కటే. ఆ పచ్చదనంలోంచి కప్పను వేరుచేసి చూపించినవాణ్ణి వదిలేసి "నేను చూశాను" అని రాస్తే అందులో సగమే నిజం.

నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఇదే. గైడ్‌తో కలిసి ఒక్క రోజు నడిచి వచ్చినప్పుడు నీ దగ్గర మూడు రకాల సంగతులు పోగవుతాయి. నీ కళ్లతో చూసినవి కొన్ని, ఆయన చూపించినవీ చెప్పినవీ కొన్ని, ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నవి కొన్ని. మూడింటినీ వాడుకో, తప్పులేదు. కానీ ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో చదివేవాడికి తెలియాలి. నీ వ్యాసంలో మూడూ ఒకే గొంతుతో వినిపిస్తున్నాయి, ఆ గొంతు అన్నీ తెలిసినదానిలా ఉంది.

కప్ప సంగతే తీసుకో. "ఈ కప్పలకు తోకకప్ప దశ ఉండదు, గుడ్డులోంచి నేరుగా చిన్న కప్పే బయటికి వస్తుంది" అని రాశావు. నిజమే. పశ్చిమ కనుమల పొదల్లో బతికే చాలా చిన్న కప్పల తీరు అది. గుడ్లు పెట్టడానికి నీటిగుంటలతో పనిలేదు, ఆకుల మీదా ఆకుల కిందా ఉండే తడి చాలు. కానీ ఆ గుడ్డు పగలడం నువ్వు చూడలేదు కదా. నువ్వు చూసింది వేరే. గైడ్ చెయ్యి పైకెత్తి అందరినీ ఆపాడు. టిక్కు టిక్కుమని శబ్దం వస్తోంది, ఎక్కడో తెలియడం లేదు. ఆయన వంగి ఒక ఆకుని వేలితో కొద్దిగా పైకెత్తాడు. ఇదంతా నువ్వు నాకు ఫోన్‌లో చెప్పావు, కాగితం మీద మాత్రం పెట్టలేదు. ముందు ఆ వెతుకులాట రాయి. వేలితో ఆకు ఎత్తిన ఆ క్షణం దగ్గర పాఠకుణ్ణి కూడా వంగి చూడనివ్వు. ఆ తర్వాత "తిరిగొచ్చాక చదివితే తెలిసింది" అని నీ తోకకప్పల వాక్యం పెట్టు. అప్పుడు ఆ విషయానికి విలువ వస్తుంది.

ఇక జలగలు. కొత్తగా అడవికి వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ జలగను విలన్‌ని చేస్తారు. నువ్వూ చేశావు. "రక్తపిశాచులు" అన్నావు, "ఒకటే టెన్షన్" అన్నావు. టెన్షన్ నిజం కాబట్టి ఆ మాట ఉంచుకో, పిశాచులు తీసెయ్. అసలు జలగను ఒక్క నిమిషం నిలబడి చూశావా? రెండు కొసలా పట్టుండే ప్రాణి అది. వెనక కొసతో రాలిన ఆకుని పట్టుకుని, ముందు కొసను గాలిలోకి లేపి అటూ ఇటూ ఊపుతుంది. మన అడుగుల కదలిక, ఒంటి వేడి, వదిలే ఊపిరి, వీటిని బట్టి మనం ఎటున్నామో కనిపెడుతుంది. ముందు కొస ఆనించి, వెనక కొస దగ్గరికి లాక్కుని, ఒళ్లంతా వంచుతూ మన వైపు వస్తుంది. కరిచినట్టు తెలియదు. దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం ఉంటుంది, అందుకే జలగ రాలిపోయాక కూడా కారుతూనే ఉంటుంది. మేజోడు విప్పాక నీకు కనిపించిన ఎర్ర మరక దాని పనే. నువ్వు కేకలు పెడుతుంటే గైడ్ ఏం చేశాడు? పీకి పారేశాడా, ఉప్పు వేశాడా, గోటితో మెల్లగా పక్కకి జరిపాడా? తన కాలి మీద పాకుతున్నదాన్ని అసలు పట్టించుకున్నాడా? నీ భయం పక్కన ఆయన నిదానం ఉంటే ఇద్దరి గురించీ తెలుస్తుంది. ఒక పేజీ దీనికే ఇచ్చినా ఎక్కువ కాదు.

మొదటి రెండు పేజీలు కొట్టెయ్. రాత్రి బస్సు, బెంగళూరు ట్రాఫిక్, హోమ్‌స్టేలో వేడినీళ్లు, ఇవన్నీ ఎవరి ప్రయాణంలోనైనా ఉండేవే. జీపులో, నడక మొదలయ్యే ముల్లోడి ఊరి దాకా వెళ్లిన ఆ గతుకుల దారి ఒక్కటి ఉంచు, అది కూడా నాలుగు వాక్యాల్లో.

"ప్రకృతి ఒడిలో", "పచ్చని తివాచీ", "మబ్బులు కొండల్ని ముద్దాడుతుంటే" లాంటి మాటల కింద పెన్సిల్‌తో గీతలు పెట్టాను. ఇవి అరకు మీద రాసినా, ఊటీ మీద రాసినా సరిపోతాయి. అంటే నువ్వు వెళ్లిన కొండ గురించి ఏమీ చెప్పడం లేదన్నమాట. అక్కడి మబ్బు ఏం చేసిందో చెప్పు. ముందు నడిచేవాళ్ల బ్యాగులు కనిపించకుండా పోయాయా? కళ్లజోడు మీద చెమ్మ పట్టిందా? గైడ్ ఆగి అందర్నీ లెక్కపెట్టుకున్నాడా?

ఇంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. కొండ పైభాగానికి వచ్చేసరికి "ఇక్కడ చెట్లన్నీ ఎప్పుడో నరికేసినట్టున్నారు, గడ్డి మాత్రమే మిగిలింది" అని రాశావు. ఇది తప్పు. పశ్చిమ కనుమల ఎత్తైన చోట్ల కొండ నెత్తిన పచ్చిక ఉండటం సహజం. చీర కుచ్చిళ్లలా మడతలు పడ్డ కొండవాలుల్లో, ఆ మడతల లోపల మాత్రం పొట్టి చెట్ల అడవి దట్టంగా పెరుగుతుంది. దాన్ని షోలా అంటారు. గాలి దెబ్బకి ఆ చెట్లు గిడసబారి, కొమ్మలు వంకర్లు తిరిగి, ఒళ్లంతా నాచు కప్పుకుని ఉంటాయి. గడ్డీ షోలా రెండూ కలిసి వాన నీటిని పట్టుకుని, వానాకాలం పోయాక కూడా వాగుల్లోకి కొద్దికొద్దిగా వదులుతాయి. బ్రిటిష్ వాళ్లు నీలగిరుల్లో ఇలాంటి పచ్చికనే చూసి బంజరు అనుకున్నారు. యూకలిప్టస్, వాటిల్ మొక్కలు తెచ్చి నాటించారు. పచ్చిక చాలా మటుకు పోయింది. చూసినదాన్ని తప్పుగా రాస్తే ఎంత నష్టమో అర్థం కావడానికి చెబుతున్నాను. నీకు అనుమానం వచ్చిన చోటే గైడ్‌ని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడు, రోజూ తిరిగే కొండ కదా ఆయనకి.

నీ వ్యాసం చదివేది మన హైదరాబాదు వాళ్లు, కర్నూలు వాళ్లు, పాలమూరు వాళ్లు. ఎక్కడో చిక్కమగళూరు జిల్లాలో ఉన్న కొండతో మాకేం పని అని వాళ్లు అడగరు గానీ, మనసులో ఆ ప్రశ్న ఉంటుంది. దానికి జవాబు నీ చేతిలోనే ఉంది, నువ్వే చూసుకోలేదు. తుంగ, భద్ర పుట్టేది ఆ కుదురేముఖ్ జాతీయ పార్కులోని గంగామూలలో. నేత్రావతి కూడా అక్కడిదే, అది పడమటికి దిగి మంగళూరు దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తుంది. తుంగ, భద్ర మాత్రం తూర్పు దారి పట్టి, కూడ్లి దగ్గర కలిసి తుంగభద్ర అవుతాయి. హోస్పేట డ్యామ్, మంత్రాలయం, కర్నూలు దాటి సంగమేశ్వరం దగ్గర తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. అక్కణ్ణుంచి శ్రీశైలం, ఆ తర్వాత నాగార్జునసాగర్. సాగర్ నీళ్లు అక్కంపల్లి జలాశయం మీదుగా మన నగరానికి వస్తాయి. మా ఇంటి కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లలో ఆ కొండల వాన కూడా ఉంది. దీన్ని వ్యాసం మొదట్లో ఉపన్యాసంలా పెట్టకు. వాగు దాటేటప్పుడు గైడ్ దోసిలి పట్టి నీళ్లు తాగాడని ఫోన్‌లో చెప్పావే, అది రాసి అక్కడ చెప్పు. ఆ దోసిలి దగ్గర మొదలుపెడితే నీ పాఠకుడు నీళ్ల వెంట తన ఊరి దాకా తనే వస్తాడు.

వాన గురించి కూడా నీ దగ్గర ఒక వాక్యమే ఉంది. ఆ కొండల వరసలోనే ఉన్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. మన హైదరాబాదులో 800 మిల్లీమీటర్ల దగ్గర. ఈ అంకెలు వట్టిగా చెబితే ఎవరికీ పట్టవు. గైడ్ చూపించిన ఆ ఆకుతో కలిపి చెప్పు. ఆకు చివర సన్నగా సాగి ఉంటుంది, పడిన నీళ్లన్నీ ఆ కొస నుంచి చుక్కలుగా జారిపోతాయి. అంత వానలో ఆకు మీద నీళ్లు నిలిస్తే నాచూ బూజూ పడతాయి. ఆకు ఆకారంలోనే ఆ ఊరి వాన ఉంది. నువ్వు ఆ ఆకుని చేతిలోకి తీసుకున్నావు, ఫోటో తీశావు, రెండు పదాలు రాసి వదిలేశావు. ఎందుకు వదిలేశావో నాకు అర్థం కాలేదు.

గైడ్ సంగతికే వస్తాను. ఆయన ఎవరు? ఆ ఊరివాడేనా? కాఫీ తోటలోనో పోక తోటలోనో కూడా పని చేస్తాడా? వేసవిలో కార్చిచ్చు భయంతో అటవీ శాఖ ట్రెక్కులు ఆపేస్తుంది, ఆ నెలల్లో ఆయన ఇల్లెలా గడుస్తుంది? కుదురేముఖ్‌లో ఏళ్ల తరబడి ఇనుప ఖనిజం తవ్వారు, సుప్రీం కోర్టు తీర్పుతో 2005 చివరికి ఆ తవ్వకం ఆగింది. నలభై దాటిన మనిషి అన్నావు కాబట్టి గని రోజులు ఆయనకి బాగా గుర్తుండాలి. గని మూతపడ్డప్పుడు ఊళ్లో పనులు పోయినవాళ్లు ఉంటారు, వాగు తేటపడిందని సంతోషించినవాళ్లూ ఉంటారు. ఆయన ఏ వైపో నీకు తెలియదు. నీకు వచ్చీరాని కన్నడం, ఆయనకి వచ్చీరాని హిందీ అన్నావు. ఫరవాలేదు, అలాగే రాయి. ఆయన సగం మాటల్లో సగం చేత్తో చెప్పింది అలాగే రాస్తే బాగుంటుంది. ఆయన నోట అచ్చ తెలుగులో పెద్ద పెద్ద వాక్యాలు మాత్రం పెట్టకు.

పేరు రాసే ముందు ఆయన్ని అడుగు. వద్దంటే పేరు లేకుండానే రాయి. అలాగే అరుదైన ఆర్కిడ్ పువ్వు ఎక్కడ కనిపించిందో, సింహపు తోక కోతుల గుంపు ఏ మలుపులో కనిపించిందో గుర్తులతో సహా రాశావు, అది తీసెయ్. ఆ కోతి పశ్చిమ కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నీ వ్యాసం పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లందరూ నీలాంటివాళ్లే అయి ఉండరు.

ఇంకొకటి, నోట్సు గురించి. ఫోటోలు చూసి రాశానన్నావు. ఫోటోలో వాసన ఉండదు, దిగేటప్పుడు మోకాళ్లు పెట్టిన నొప్పీ ఉండదు. దాదాపు 20 కిలోమీటర్లు నడిచిన రోజది, వ్యాసంలో నీ కాళ్లు ఎక్కడా లేవు. ఇంకోసారి వెళ్లినప్పుడు చిన్న పుస్తకం, పెన్సిల్ జిప్ కవర్లో వేసుకో. వానలో పెన్ను సిరా కారిపోతుంది, పెన్సిల్ గీత నిలుస్తుంది. ఆగిన ప్రతిచోటా రెండు ముక్కలు చాలు. అప్పుడు విన్న మాట అప్పుడే రాసుకో, రాత్రి దాకా దాచితే ఆ మాట నీ మాట అయిపోతుంది.

శిఖరం ఎక్కాక నీకు కలిగిన ఆనందం మీద చివరి పేజీ అంతా రాశావు. దాన్ని ఒక పేరాకి తగ్గించు. దాదాపు 1,890 మీటర్ల ఎత్తున నువ్వు నిలబడటం నీకు పెద్ద సంగతే, కాదనను. కానీ అక్కడ మబ్బు మూసేసి ఏమీ కనిపించలేదని నువ్వే చెప్పావు. ఆ పావుగంట గైడ్ ఏం చేశాడో, ఎటు చూస్తూ కూర్చున్నాడో గుర్తుందా? గుర్తుంటే అది రాయి.

ఈ వారం ఆయనకి ఫోన్ చెయ్. గని గురించి, వేసవి నెలల గురించి, ఆ వాగు నీళ్లు ఎటు పోతాయో ఆయనకి తెలుసేమో అడుగు. కన్నడం తెలిసిన స్నేహితులెవరైనా పక్కన ఉంటే మంచిది. పత్రికకి ఈ నెలే ఇవ్వాలన్న తొందర పెట్టుకోకు, సంపాదకుడితో నేను మాట్లాడతాను. మళ్లీ రాశాక ఒక ఆదివారం పొద్దున్నే మా ఇంటికి రా. నీ నోట్సు, ఆ ఆకు ఫోటో కూడా తెచ్చుకో. కూర్చుని వాక్యం వాక్యం చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు