స్నోమెడ్‌లో ఒకే అవయవానికి రెండు మూడు కోడ్‌లు ఎందుకు?

విశాఖలో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ రాసే ఒకరి ప్రశ్న: స్నోమెడ్ సీటీలో (జబ్బులు, అవయవాలు, చికిత్సలు వంటి వైద్య పదాలకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ పదకోశం) ‘పాద నిర్మాణం’, ‘మొత్తం పాదం’ వేర్వేరుగా ఎందుకున్నాయి?

కాలివేలు పాదంలో భాగమే కానీ, పాదంలో ఒక రకం కాదు. వర్గీకరణేమో ‘ఇది అందులో ఒక రకం’ అనే బంధం మీదే నడుస్తుంది. అందుకే ‘పాద నిర్మాణం’ అనే విశాలమైన భావన పెట్టారు. మొత్తం పాదమైనా, అందులోని ఏ భాగమైనా దాని కిందకే వస్తాయి.

కేజీహెచ్‌కి ఒక షుగర్ పేషెంట్ వచ్చాడనుకోండి. వేలికి పుండు పడితే అది పాదం జబ్బే. ‘నిర్మాణం’ కోడ్ వాడితే పాదం జబ్బులు వెతికినప్పుడు దొరుకుతుంది. మరి ఆ వేలు తీసేస్తే? పాదం తీసేసినట్టు లెక్క రాకూడదు కదా. అందుకే పాదం తీసేసే ఆపరేషన్‌కి ‘మొత్తం పాదం’ కోడే సరైనది. లేదంటే రిపోర్టులో పాదాలు పోయినవాళ్లు ఊరికే పెరిగిపోతారు!

లైసెన్సు ఫీజు గురించి టెన్షన్ వద్దు, స్నోమెడ్‌ను నడిపే అంతర్జాతీయ సంస్థలో భారత్ 2014 నుంచి సభ్యదేశమే.