రెండు ఒత్తిళ్లు ఒకటేనా?

సందేహం: ఒక ఆరోగ్య వ్యాసంలో ఇలా చదివాను: "మానసిక ఒత్తిడి ఆక్సీకరణ ఒత్తిడికి దారితీస్తుంది. చైనా సంప్రదాయ మందులు ఒత్తిడిని పోగొడతాయి." ఈ రెండు ఒత్తిళ్లూ ఒకటేనా? మూడోసారి వచ్చిన 'ఒత్తిడి' వీటిలో ఏది? – ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ఒకటి కావమ్మా. మూడోది ఏదో ఆ వాక్యాన్ని బట్టి చెప్పలేం. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఒత్తిడికి మూలం 'ఒత్తు' అనే క్రియ. జంతికలు ఒత్తుతాం, నొప్పెడుతున్న కాళ్లు ఒత్తుతాం. ఒత్తేది ఒకటి, ఒత్తుడు పడేది ఇంకొకటి ఉండాలి. అందుకే మనం టెన్షన్ పడతాం, దిగులు పడతాం గానీ 'ఒత్తిడి పడ్డాను' అనం. ఒత్తిడి మన మీద ఉంటుంది, పెరుగుతుంది, తగ్గుతుంది. పని ఒత్తిడి, మానసిక ఒత్తిడి అన్నవి ఈ వాడుకలో చక్కగా ఇమిడిపోయాయి.

ఇంగ్లీషులో స్ట్రెస్ ఇంజనీర్ల మాట కూడా. మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో దాన్నే 'ప్రతిబలం' అన్నారు. హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936 నుంచి చేసిన పరిశోధనలతో స్ట్రెస్ అన్న మాట వైద్యంలో పాతుకుపోయింది. 1985లో జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త హెల్మూట్ సీస్ ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను నిర్వచించారు. ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు ఒక పక్క, వాటిని అణిచే యాంటీఆక్సిడెంట్లు ఇంకో పక్క ఉంటాయి. మొదటి పక్షం పైచేయి అయితే అదే ఆక్సిడేటివ్ స్ట్రెస్. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఒత్తడం లేదు, త్రాసు ఒరిగిందంతే. తెలుగులో 'ఆక్సీకరణ ఒత్తిడి' ఇప్పటికే వాడుకలోకి వచ్చింది కాబట్టి తీసేయమనను. కానీ మొదటిసారి రాసినప్పుడు ఒక వాక్యంలో వివరించి తీరాలి. ఆ ఒరుగుడు వల్ల కణంలోని కొవ్వులకు, ప్రోటీన్లకు, డీఎన్‌ఏకు జరిగేది 'ఆక్సీకరణ నష్టం'. ఈ రెండూ కలిపేయకూడదు.

రెండు ఒత్తిళ్లకూ సంబంధం మాత్రం ఉంది. టెన్షన్ పడినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఊరతాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు పని ఎక్కువవుతుంది. గంటసేపు అయితే శరీరం సర్దుకుంటుంది. నెలల తరబడి దిగకపోతే యాంటీఆక్సిడెంట్లు చాలవు. ముందు దెబ్బ తగిలే చోట్లలో మెదడు ఒకటి. శరీరం బరువులో దాని వాటా 2 శాతమే అయినా ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది, పైగా అందులో కొవ్వు ఎక్కువ. చిత చచ్చినవాణ్ణి కాలిస్తే చింత బతికున్నవాణ్ణి కాలుస్తుందంటారు పెద్దలు. రెండు మాటలకూ మధ్య తేడా ఒక్క సున్న. కాలడం కూడా ఆక్సీకరణమే కాబట్టి ఆ మాట నాకు మరీ ఇష్టం. అయితే అది పోలికే, రుజువు కాదు.

ఇక చైనా మందులు. వీటిలో బాగా పేరున్నది 'షియావ్‌యావ్ సాన్', సోంగ్ వంశ కాలపు మందుల గ్రంథంలోనే ఉంది. 'సాన్' అంటే మన చూర్ణం. ఇందులో అతిమధురం, అల్లం, పుదీనా జాతులూ ఉంటాయి. 'కాలేయంలో చీ బిగుసుకుంటే' ఇస్తారని వాళ్ల వైద్యం చెబుతుంది. 'చీ' అంటే వాళ్ల లెక్కలో ఒంట్లో ప్రవహించే ప్రాణశక్తి. దీన్ని మాటకు మాట తెలుగు చేస్తే చదివినవాళ్లు లివర్ జబ్బు అనుకుంటారు. మనకు దుఃఖం కడుపులో ఉంటుంది: కడుపుకోత, కడుపు తరుక్కుపోవడం. వాళ్లకు కోపం, దిగులు కాలేయంలో ఉంటాయి. అక్కడ కాలేయం అంటే స్కానింగ్‌లో కనిపించేది ఒక్కటే కాదు.

ఒత్తిడి కలిగేలా ఇరుకు గొట్టంలో రోజూ కొన్ని గంటలు కదలకుండా బంధించిన ఎలుకలకు ఈ మందు ఇచ్చి, మాలాన్‌డైఆల్డిహైడ్ (కొవ్వులు ఆక్సీకరణం చెందితే పుట్టే పదార్థం) లాంటి నష్టపు గుర్తులను కొలిచారు. అవి తగ్గిన ప్రయోగాలున్నాయి. ఎలుకల్లో తగ్గినదాన్ని మనుషులకు 'పోగొడతాయి' అని రాయడం తప్పు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. రక్తపోటును కొందరు 'రక్తపు ఒత్తిడి' అంటారు. 'ఒత్తిడి పోగొట్టే మందు' అని చదివి బీపీ మందు అనుకుంటే? అతిమధురం ఎక్కువగా, ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది.

నేనైతే ఇలా రాస్తాను: "మానసిక ఒత్తిడి చాలాకాలం ఉంటే కణాలకు ఆక్సీకరణ నష్టం జరగవచ్చు. కొన్ని చైనా సంప్రదాయ మందులు ఎలుకల్లో ఈ నష్టాన్ని తగ్గించినట్టు ప్రయోగాల్లో కనిపించింది."