మొదటి రైఫిల్ కొనబోతున్న అన్న కొడుక్కి

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

గ్రీన్ కార్డు చేతికొచ్చిందని, ఇక తక్కువలో ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక తూటా పేలే రకం) కొందామనుకుంటున్నానని మెసేజ్ పెట్టావు. నువ్వు పంపిన లింకులన్నీ చూశాను. అన్నీ మిలిటరీ తుపాకిలా కనబడే ఏఆర్-15లే, అన్నిట్లోనూ నువ్వు చూసింది రైఫిల్ ధర ఒక్కటే. నీ జేబుకి చిల్లు పెట్టేది రైఫిల్ కాదురా, తూటాలు.

లెక్క చూడు. పాయింట్ టూ టూ ఎల్ఆర్ అనే చిన్న తూటా ఒక్కోటి సుమారు 8 సెంట్లు. ఏఆర్‌లో వాడే పాయింట్ టూ టూ త్రీ అయితే అర డాలరు దాకా పడుతుంది. నెలకి రెండుసార్లు రేంజికి పోయి, పోయినప్పుడల్లా వంద కాల్చావనుకో, ఏడాదికి చిన్న తూటాలకి 200 డాలర్ల లోపే, పెద్దవాటికి 1,200. ఆ తేడా డబ్బుతో ఇంకో రైఫిల్ వస్తుంది. తూటాలు ఖరీదని రేంజికి పోవడం మానేస్తే, కొన్నది అల్మారాలో పడి ఉంటుంది, గురి మాత్రం కుదరదు.

అందుకే నా మాట: మొదటిది ఆ చిన్న తూటా కాల్చే రూగర్ 10/22 తీసుకో. 1964 నుంచి తయారవుతోంది. కొత్తది 300 డాలర్లకి అటూ ఇటూగా దొరుకుతుంది. బరువు అయిదు పౌన్ల చిల్లర, భుజానికి తన్ను తగలదు, కాబట్టి మా కోడలు కూడా భయం లేకుండా నేర్చుకోవచ్చు. పది తూటాలు పట్టే డబ్బా, అదే మ్యాగజైను, రైఫిల్ కడుపులోకి సరిగ్గా ఇమిడిపోతుంది, బయటికి పొడుచుకు రాదు. విడిభాగాలు దొరకని ఊరుండదు. శావేజ్ 64 ఇంకా చవక, పనికిరానిదేం కాదు గానీ మ్యాగజైన్లూ సామాన్లూ అంత తేలిగ్గా దొరకవు. సెకండ్ హ్యాండ్‌లో మార్లిన్ మోడల్ 60 కనబడుతుంది. గురి బాగుంటుంది. కానీ తూటాలు బ్యారెల్ కింద గొట్టంలోకి ముందువైపు నుంచి నింపాలి, అంటే చెయ్యి ఎప్పుడూ బ్యారెల్ మూతి దగ్గరే. కొత్తవాడికి నేనది చెప్పను.

10/22లో తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆఖరి తూటా పేలాక బోల్టు (తూటాని లోపలికి నెట్టి మూసే లోహపు ముక్క) వెనకే ఆగిపోదు, మూసుకుపోతుంది. చూస్తే ఖాళీయో కాదో తెలియదు. ముందు మ్యాగజైను తియ్యి, తర్వాత బోల్టు వెనక్కి లాగి పట్టుకుని లోపల చిటికెన వేలు పెట్టి తడిమి చూడు. వరస తప్పకూడదు: మ్యాగజైను ఉండగా బోల్టు లాగి వదిలితే ఇంకో తూటా లోపలికి పోతుంది. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని ఊరుకుందా, మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగు. ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది.

తూటాల పెద్ద పెట్టె మొదటే కొనకు. ఒక్కో రైఫిల్‌కి ఒక్కో రకం పడుతుంది. మూడు నాలుగు కంపెనీల యాభై తూటాల డబ్బాలు తెచ్చి, ఏది ఇరుక్కోకుండా నడుస్తుందో చూసుకుని అప్పుడు బల్కుగా తీసుకో. చప్పుడు తక్కువ చేసే సబ్‌సోనిక్ రకాలు బోల్టుని పూర్తిగా వెనక్కి నెట్టలేకపోవచ్చు. కాల్చి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కో, బట్టలు మార్చుకునే దాకా పాపని ఎత్తుకోకు. సీసం పొడి కంటికి కనబడదు.

పాతది కొంటే బోల్టు తెరిచి బ్యారెల్లోకి టార్చి వేసి చూడు. మూతి అంచు ముఖ్యం. ఈ మోడల్‌ని చాలామంది ముందువైపు నుంచి ఇనప కడ్డీ తోసి శుభ్రం చేస్తారు, దాంతో ఆ అంచు అరిగి గురి చెడుతుంది. నువ్వు మాత్రం వెనక నుంచి వేసి ముందుకి లాగే తాడు రకం కొనుక్కో.

ధరకి తోడయ్యేవి వేరే ఉన్నాయి. సేల్స్ ట్యాక్సు, ఆన్‌లైన్లో కొంటే లైసెన్సున్న డీలర్ తీసుకునే ట్రాన్స్‌ఫర్ ఫీజు, చెవులకి మఫ్‌లు, కళ్లద్దాలు, రేంజి ఫీజు, తాళమున్న ఉక్కు బీరువా. బీరువా దగ్గర బేరం వద్దు. మీ టెక్సాస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి నీ అజాగ్రత్త వల్ల లోడు చేసిన తుపాకి చిక్కితే నేరం, పైగా మీ ఇంట్లో తిరిగేది నాలుగేళ్ల పిల్ల.

షాపులో 4473 అనే ఫెడరల్ ఫారం నింపిస్తారు. గ్రీన్ కార్డు మీదుండే ఏలియన్ నంబరు అడుగుతారు, కార్డు పట్టుకెళ్లు. నీ పేరు ఎన్‌ఐసీఎస్‌లో, అంటే తుపాకి కొనేవాళ్ల పాత నేరాలు చూసే ఫెడరల్ వ్యవస్థలో వెతుకుతారు. మన పేర్లకి వెంటనే సరే అనకుండా "డిలే" రావడం కొత్తేం కాదు, కంగారు పడకు. ఆ ఫారంలో "ఇది నీకోసమే కొంటున్నావా" అనే ప్రశ్న ఉంటుంది. ఫ్రెండెవరైనా డబ్బిచ్చి తనకోసం కొనమంటే కొనకు, అది ఫెడరల్ నేరం. హెచ్1 వీసా మీద ఉన్నవాడు హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకి కొనకూడదు, దగ్గర ఉంచుకోనూ కూడదు. సరదాకి రేంజికి తీసుకెళ్లేటప్పుడు కూడా ఇది చూసుకో. ఇలాంటి దాంట్లో ఇరుక్కుంటే వాడి వీసాకీ, నీ సిటిజెన్‌షిప్‌కీ కలిపి ఎసరు.

ఏఆరే కావాలంటే వద్దనను, వచ్చే ఏడాది చూద్దాం. రూగర్ ఏఆర్-556, స్మిత్ అండ్ వెస్సన్ ఎం అండ్ పీ 15 స్పోర్ట్, రెండూ నీ బడ్జెట్‌కి దగ్గరివే. బ్యారెల్ మీద 5.56 (టూ టూ త్రీ సైజుదే, మిలిటరీ రకం తూటా) అని ఉంటే టూ టూ త్రీ కూడా వెయ్యొచ్చు. ఉత్త టూ టూ త్రీ అని ఉంటే 5.56 వెయ్యకూడదు. కానీ మీ కంపెనీ వాళ్లు నిన్ను రేపు సియాటిల్‌కో చికాగోకో పంపితే? వాషింగ్టన్, ఇల్లినాయ్ రెండూ 2023లో ఏఆర్‌ల అమ్మకాన్ని ఆపేశాయి. ఎడిసన్‌కి వెళ్తే న్యూజెర్సీలో ఏ రైఫిల్ కొనాలన్నా ముందు ఐడీ కార్డు తీసుకోవాలి. పది తూటాల 10/22తో ఇలాంటి గొడవలు తక్కువ. అయినా ఊరు మారే ముందు అక్కడి చట్టం చూసుకో. దొంగల కోసమని మాత్రం దీన్ని కొనకు, ఈ చిన్న తూటా అప్పుడప్పుడూ పేలకుండా మొరాయిస్తుంది.

ఇంకోటి. రేంజికి తీసుకెళ్లే బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడకు. గోరంత తూటా ఒకటి కుట్టుకింద దాక్కుని ఉంటే శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. మర్చిపోయాను సార్ అంటే వినరు.

షాపుకి శనివారం వద్దు, జనం ఎక్కువ. మధ్యలో ఒకరోజు సెలవు పెట్టి ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మీ బాబాయి