టమాటా సంగతి తర్వాత, ముందు ఆ రాత్రి మాత్ర ఆపించండి

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. ఈమధ్య రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.4 వచ్చింది, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలా, బీపీకి టెల్మిసార్టన్ 40, పాదాల వాపు తగ్గడానికి నీరు దిగే మాత్ర వాడుతున్నారు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో తెచ్చుకున్న మాత్ర రోజూ రాత్రి వేసుకుంటారు. టమాటా, పాలకూర పూర్తిగా మానేయాలా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: టమాటా, పాలకూరల్లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ బలహీనపడితే అది రక్తంలో పేరుకోవచ్చు. నాన్నగారి రక్తంలో పొటాషియం ఎంతుందో మీరు రాయలేదు. అది తెలియకుండా టమాటా తినమనీ చెప్పలేను, మానమనీ చెప్పలేను. ఆ రాత్రి మాత్ర సంగతి మాత్రం ఆగేది కాదు.

దాని పేరు కూడా రాయలేదు. మోకాళ్ల నొప్పి అనగానే షాపుల్లో తరచుగా ఇచ్చేది ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన మాత్ర. ‘అది పారాసిటమాలే కదండీ’ అని నా దగ్గర ధీమాగా చెప్పేవారికి స్ట్రిప్ తిప్పి రెండో పేరు చూపిస్తుంటాను. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా ఎసిక్లోఫెనాక్ కోవలోవే. కిడ్నీ వడపోతకు రక్తం తెచ్చే సన్నని నాళం వీటివల్ల ముడుచుకుంటుంది. టెల్మిసార్టన్ రక్తం బయటికి వెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది. నీరు దిగే మాత్ర ఒంట్లో నీటినే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. దీనికి తోడు ఎండల్లో రెండు రోజులు విరేచనాలు పట్టుకుంటే ఆ 2.4 ఎక్కడిదాకా పోతుందో! పైగా నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలవ చేస్తాయి. ఒక మాత్ర తెచ్చిన వాపుకు ఇంకో మాత్ర వేస్తున్నారేమో కూడా చూడాలి.

నొప్పి మాత్రను ఈ రాత్రి నుంచే ఆపించండి. టెల్మిసార్టన్ జోలికి మీరై మీరు వెళ్లకండి, షుగర్ ఉన్నవారి కిడ్నీకి అది కాపుదల కూడా. నొప్పికి ఉత్తి పారాసిటమాల్ ఎంత వాడవచ్చో మీ డాక్టర్‌ను అడగండి.

మీరిచ్చిన అంకెలతో లెక్కిస్తే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడపోత ఏమాత్రం జరుగుతోందో చెప్పే అంకె, 30 దరిదాపుల్లో ఉంది. అది 45 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గిస్తాం, 30 లోపు అసలు ఇవ్వం. రోజుకు 2000 మిల్లీగ్రాములు రాసిన నాటికి క్రియాటినిన్ ఎంతుందో! పాత చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి మందులు తెచ్చుకోవడం మన హైదరాబాద్‌లో ఇంటింటా ఉన్నదే. అయినా రోగిని చూడకుండా, ఒక్క రిపోర్టుతో నేను మందు మార్చకూడదు. రెండు మూడు రోజుల్లోనే చూపించండి. మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంట్లో ‘తక్కువ సోడియం’ ఉప్పు వాడుతున్నారా? అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. టెల్మిసార్టన్ కూడా పొటాషియాన్ని పెంచుతుంది. టమాటా కంటే ముందు ఆ ప్యాకెట్‌ను పక్కన పెట్టండి.

నిమ్స్‌లోనో, ఉస్మానియాలోనో, మరెక్కడైనా సరే, నెఫ్రాలజిస్ట్‌ (కిడ్నీ డాక్టర్) దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచీలో వేసుకెళ్లండి. గ్యాస్ మాత్రలు, ఎవరో ఇచ్చిన భస్మాలు, పొడులు కూడా.