సముద్రపు ముత్యాలా, మంచినీటి ముత్యాలా: కానుక కొనే ముందు బిల్లులో ఏమి రాయించుకోవాలి?

ప్రశ్న: మాది తిరుపతి. వచ్చే మాఘ మాసంలో చిత్తూరులో మా అక్క కూతురి పెళ్లి. మేనమామగా ముత్యాల దండ పెట్టాలనుకుని దుకాణానికి వెళితే రెండు దండలు చూపించారు. సముద్రపు ముత్యాల దండ అని ఒకదానికి రూ.72,000, మంచినీటి ముత్యాల దండ అని మరొకదానికి రూ.9,500 చెప్పారు. నా కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. బిల్లులో మాత్రం "ముత్యాల దండ" అని రాస్తామనీ, బిల్లే వద్దనుకుంటే జీఎస్టీ తగ్గిస్తామనీ అంటున్నారు. ఏది కొనడం మంచిది? సముద్రపువని కొన్నాక అవి కావని తేలితే నాకున్న హక్కు ఏమిటి? దండ మేనకోడలికి ఇచ్చేశాక ఫిర్యాదు ఎవరు చేయాలి?

సమాధానం: మీరు అడిగినవి మూడు ప్రశ్నలైనా మొదటిదానికి జవాబు మిగిలిన రెండింటిలోనే ఉంది. కాబట్టి ముందుగా ఒక అపోహను తొలగిస్తాను. మంచినీటి ముత్యాలు నకిలీ ముత్యాలు కావు. అవి కూడా జీవి కడుపులో పొర మీద పొరగా పెరిగినవే. నకిలీవి అంటే గాజు పూసకో ప్లాస్టిక్ పూసకో పూత పూసినవి. అందువల్ల "ఇవి అసలు ముత్యాలేనా?" అని మీరు అడిగితే, "అసలువే" అని దుకాణదారు చెప్పిన మాట రెండు దండల విషయంలోనూ నిజమే అవుతుంది, రేపు ఆ మాటను పట్టుకుని మీరు ఏ వినియోగదారుల కమిషన్ ముందూ నిలబడలేరు. "ఒరిజినల్" అన్న మాటకూ ఇదే వర్తిస్తుంది.

ధరలో అంత తేడా ఎందుకో తెలిస్తే ఏది కొనాలో నిర్ణయించుకోవడం సులభమవుతుంది. ఇప్పుడు మార్కెట్లో దొరికే మంచినీటి ముత్యాల్లో అత్యధిక భాగం చైనాలోని చెరువుల్లో పెంచినవి. అక్కడ ఒక్క ఆల్చిప్పలో ఒకే విడతలో పదుల సంఖ్యలో ముత్యాలు పండిస్తారు. సాధారణంగా వాటి లోపల పూస పెట్టరు, చిన్న కణజాలపు ముక్క మాత్రమే అమరుస్తారు, కనుక ముత్యం మొత్తం ముత్యపు పదార్థంతోనే నిండి ఉంటుంది. సముద్రపు ముత్యాల్లో జపాన్ అకోయా ముత్యాలూ, ఆస్ట్రేలియా, ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ తీరాల సౌత్ సీ ముత్యాలూ, ఫ్రెంచ్ పాలినీసియాలోని తాహితీ నల్ల ముత్యాలూ పేరున్నవి. వీటిలో చిప్పకు ఒకటో, మహా అయితే కొన్నో మాత్రమే పండుతాయి, గుండ్రంగా, సమానంగా ఉండే ముత్యాలు ఏరి ఒక దండకు జత కూర్చడమే పెద్ద పని. స్వాతి చినుకు చిప్పలో పడితే ముత్యమవుతుందని మన పెద్దలు చెప్పుకున్నారు గానీ, ఈనాటి సముద్రపు ముత్యం కడుపులో ఉండేది మంచినీటి ఆల్చిప్ప గుల్లను చెక్కి చేసిన గుండ్రని పూస. దాని మీద సముద్రపు చిప్ప తన పొరలు పేరుస్తుంది. అకోయా ముత్యంలో ఆ పొర మందం మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. ఇవేవీ సముద్రంలో సహజంగా దొరికినవి కావు, రెండూ పెంచిన ముత్యాలే, అంటే వ్యాపారులు కల్చర్డ్ అనేవే. సహజ ముత్యాల దండ రూ.72,000కు రావడం దాదాపు అసాధ్యం. ఎవరైనా ఆ ధరకు "సహజమైనవి" అన్నారంటే ఆ ఒక్క మాటే మీరు జాగ్రత్తపడటానికి చాలు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. సముద్రపు ముత్యాలకు ఉండే నిగారింపు వేరు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే మీ మేనకోడలు తరచుగా వేసుకునే దండ కావాలంటే మంచినీటి ముత్యాలు ఏ విధంగానూ తక్కువ కానుక కాదు, పైపొర పలచబడి లోపలి పూస బయటపడుతుందన్న భయం వాటిలో తక్కువ. రూ.72,000 పెట్టదలచుకుంటే మాత్రం, ఆ దండను "సముద్రపు కల్చర్డ్ ముత్యాలు" అని కాగితం మీద రాసి సంతకం పెట్టడానికి సిద్ధపడే దుకాణంలోనే కొనండి. రాయడానికి వెనకాడే చోట రూ.9,500 దండ కొనడమే వివేకం, ఎందుకంటే అక్కడ మీకు అమ్మిన పేరూ, మీరు చెల్లించిన ధరా ఒకదానికొకటి సరిపోతాయి.

ఇంతగా రాతను నొక్కి చెప్పడానికి చట్టంలో కారణం ఉంది. భారతీయ కాంట్రాక్టు చట్టం, 1872 లోని 17వ సెక్షన్ వివరణ ప్రకారం, అమ్మేవాడు ఊరికే మౌనంగా ఉండటం మామూలుగా మోసం కిందకు రాదు, మాట్లాడవలసిన బాధ్యత ఉన్నప్పుడో, మౌనమే మాటతో సమానమైనప్పుడో తప్ప. మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు అంటే కేసు బలహీనపడుతుంది. మీరు "ఇవి సముద్రపువా, మంచినీటివా?" అని సూటిగా అడిగి, ఆయన "సముద్రపువి" అని జవాబిస్తే అది వర్ణన అవుతుంది. వస్తు విక్రయ చట్టం, 1930 లోని 15వ సెక్షన్ ప్రకారం వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోయి తీరాలన్నది ఒప్పందంలో అంతర్లీనంగా ఉండే షరతు. "మీరే చూసుకుని కొన్నారు కదా" అన్న వాదన అప్పుడు నిలవడం కష్టం, ఎందుకంటే కంటితో చూసి సముద్రపు ముత్యాన్నీ మంచినీటి ముత్యాన్నీ వేరు చేయడం సామాన్య కొనుగోలుదారు వల్ల అయ్యే పని కాదు. ముత్యాన్ని పంటికి రుద్ది గరుకుగా ఉందో లేదో చూసే పద్ధతి కూడా నకిలీని పట్టిస్తుందే తప్ప ఏ నీటిదో చెప్పదు. దారం పోయే బెజ్జంలోకి భూతద్దంతో చూస్తే లోపలి పూసకూ పైపొరకూ మధ్య సన్నని గీత కొన్నిసార్లు కనబడుతుంది. అలా కనబడితే పూస పెట్టి పెంచినదని మాత్రమే తెలుస్తుంది. ఈమధ్య మంచినీటిలోనూ పూస పెట్టి పెద్ద ముత్యాలు పెంచుతున్నారు కనుక ఆ గీత కూడా నికరమైన రుజువు కాదు. ప్రయోగశాలలో ఎక్స్‌రే ద్వారానూ, మంచినీటి ముత్యంలో మాంగనీసు ఎక్కువగా ఉండటాన్ని బట్టీ తేల్చవలసిందే. జైపూర్‌లోని ఐఐజీజే-ఆర్‌ఎల్‌సీ (పూర్వపు జెమ్ టెస్టింగ్ లేబొరేటరీ) వంటి చోట్ల రత్నాల పరీక్ష జరుగుతుంది.

ఇక బిల్లు సంగతి. బిల్లు వద్దంటే జీఎస్టీ తగ్గిస్తామన్న మాటకు ఒప్పుకోకండి. ముత్యాల నగలపై పన్ను 3 శాతం, అంటే రూ.72,000 మీద రూ.2,160. ఆ రూ.2,160 మిగుల్చుకోవడానికి మీరు వదులుకునేది రూ.72,000కు ఉన్న ఏకైక సాక్ష్యాన్ని. పైగా అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 లోని 2(47) సెక్షన్ అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. బిల్లులో "సముద్రపు కల్చర్డ్ ముత్యాలు, అకోయా", లేదా ఏ రకమైతే ఆ రకం, ముత్యాల సంఖ్య, సైజు మిల్లీమీటర్లలో, దండ బరువు రాయించుకోండి. బిల్లుపై హెచ్.ఎస్.ఎన్. కోడ్ (పన్ను కోసం సరుకు రకాన్ని తెలిపే అంకె) ఉంటే దాన్నీ గమనించండి: 7116 ముత్యాలతో చేసిన వస్తువులకు, 7117 ఇమిటేషన్ నగలకు వర్తిస్తుంది. అయితే 7116లో సముద్రపువీ మంచినీటివీ రెండూ ఇమిడిపోతాయి కనుక ఆ అంకె మీకు సగం భరోసా మాత్రమే. అలాగే బంగారు లాకెట్ మీద ఉండే హాల్‌మార్క్, ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాల హెచ్.యు.ఐ.డి. నంబరు బంగారం స్వచ్ఛతకు సంబంధించినవి. వాటిని చూపించి ముత్యాలకు కూడా ప్రభుత్వ ముద్ర ఉందన్నట్టు మాట్లాడితే నమ్మకండి.

ఇటువంటిదే ఒక దస్త్రం నా దగ్గరకు వచ్చింది. విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకరు కూతురి సీమంతానికి సౌత్ సీ ముత్యాల మాల అని రూ.54,000 పెట్టి కొన్నారు. చేతిలో ఉన్నది అరచేతి పొడవున్న బిల్లు, దాని మీద "పెరల్ మాల - 1" అన్న రెండు మాటలూ ఒక అంకే. పరీక్షలో మంచినీటి ముత్యాలని తేలింది. దుకాణం వారు తాము సముద్రం మాటే ఎత్తలేదన్నారు. ఆవిడ ఫోను తిరగేస్తే, కొనడానికి రెండు రోజుల ముందు సేల్స్‌మన్ పంపిన ఫోటో కనిపించింది, దాని కింద "సౌత్ సీ మాల మేడం, మీ కోసం తీసి పక్కన పెట్టాం" అని రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం చూశాక అవతలి వారు మధ్యవర్తిత్వానికి ఒప్పుకుని మాల వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేశారు. ఆ సందేశాన్ని ఆవిడ చెరిపేసి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ నాకు ఆందోళన కలుగుతుంది. మీకు వచ్చిన సందేశాలను కూడా ఫోనులో అలాగే ఉంచండి. ఫోను మార్చవలసి వస్తే న్యాయవాదిని సంప్రదించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన ధ్రువపత్రం గురించి ముందే తెలుసుకోండి.

ఫిర్యాదు ఎవరు చేయాలన్న మీ ప్రశ్నకు చట్టం అనుకూలమైన జవాబే ఇస్తుంది. 2019 చట్టంలోని 2(7) సెక్షన్ ప్రకారం, సొమ్ము చెల్లించి కొన్నవారే కాక, కొన్నవారి అంగీకారంతో ఆ వస్తువును వాడుకునేవారు కూడా వినియోగదారులే. అంటే మీరూ ఫిర్యాదు చేయవచ్చు, మీ మేనకోడలూ చేయవచ్చు, ఇద్దరూ కలిసి చేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే సొమ్ము చెల్లించిన సాక్ష్యం మీ దగ్గర, దండ ఆమె దగ్గర ఉంటాయి. 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే చోటనే ఫిర్యాదు చేసే వీలు కల్పించింది, కనుక రేపు హైదరాబాద్‌లో కొన్నా మీరు తిరుపతిలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. ముత్యాలను పరీక్షిస్తే తప్ప తేలని వివాదమైతే, 38వ సెక్షన్ కింద కమిషన్ నమూనాకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపుతుంది, నివేదిక 45 రోజుల్లో రావాలి, పరీక్ష ఖర్చు ముందుగా ఫిర్యాదుదారే జమ చేయాలి. రుజువైతే 39వ సెక్షన్ కింద ధర వాపసు, నష్టపరిహారం వంటి ఆదేశాలు ఇవ్వవచ్చు. కాలపరిమితి 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు. నిజం తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించే అవకాశం ఉన్నా, కొన్న తేదీ నుంచే లెక్క వేసుకోవడం క్షేమం. అనుమానం వస్తే దండను బీరువాలో పెట్టి కాలం గడపకుండా ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేసినా ప్రాథమిక సాయం దొరుకుతుంది. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్రించి ఉందని భయపడకండి, లోపమున్న వస్తువు వాపసును నిరాకరించడమే చట్టం దృష్టిలో తప్పు.

పోలీసు కేసు గురించి మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం నేరమే, కానీ అమ్మే నాటికే మోసగించే ఉద్దేశం ఉందని రుజువు చేయాలి. ఒక్క దండ వ్యవహారంలో అది కష్టం, కమిషన్ దారే దగ్గర.

మరొక్క విషయం. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాల ప్రకారం, పెళ్లిలో వధువుకు ఎవరూ అడగకుండా ఇచ్చిన కానుకలకు జాబితా రాయాలి. అందులో ఒక్కో కానుక వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం ఉండాలి, వధూవరులిద్దరూ సంతకం చేయాలి. మన ఇళ్లలో దీన్ని పట్టించుకునేవారు తక్కువ. మీరు మాత్రం "మేనమామ ఇచ్చిన ముత్యాల దండ" అని సరిపెట్టకుండా, బిల్లులో ఉన్న వర్ణననే అక్షరం మార్చకుండా అందులో రాయించండి. ఆ దండ మీ మేనకోడలి స్త్రీధనం, దానిపై హక్కు ఆమెదే. ఎప్పుడైనా అది ఆమె చేతికి తిరిగి రావలసిన పరిస్థితి ఏర్పడితే ఆ దండ రూ.9,500దా, రూ.72,000దా అన్నది ఆ జాబితాలోని ఒక్క పంక్తే చెబుతుంది. అసలు బిల్లు దండతో పాటు ఆమెకు ఇచ్చి, చెల్లింపు రసీదూ బిల్లు నకలూ మీ దగ్గర ఉంచుకోండి.